ముందు వ్యాను టైము అడగండి

సంక్రాంతి వెళ్లి జీడిమామిడి పూత నిలిచే వేళకు రోలుగుంట చుట్టుపక్కల ఊళ్లలో ప్రైవేటు బళ్ల వాళ్లు తిరగడం మొదలుపెడతారు. బండి మీద ఇద్దరు టీచర్లు, చేతిలో రంగు కరపత్రాలు, ఒక నోటు పుస్తకం. "పిల్లలెంతమందమ్మా? చిన్నోడికి మూడేళ్లు నిండాయా?" అని అడిగి పేరూ ఫోను నంబరూ రాసుకుంటారు. వాళ్లేమీ సరదాకి ఎండలో తిరగడం లేదు. ఇంతమందిని చేర్పించాలని వాళ్లకూ టార్గెట్లుంటాయి, వేసవి జీతం దాంతో ముడిపడ్డ చోట్లూ ఉన్నాయి. మంచినీళ్లిచ్చి, కాగితం తీసుకుని, మర్యాదగా పంపండి. డబ్బు మాత్రం ఆ రోజు కట్టకండి. "ఈ నెలాఖరులోగా కడితే అడ్మిషన్ ఫీజు మాఫీ" అనే మాట చాలా బళ్లలో జూన్‌లో కూడా వినిపిస్తుంది.

ఆ కరపత్రంలో అన్నీ ఉంటాయి. ఐఐటీ ఫౌండేషన్, అబాకస్, స్మార్ట్ క్లాసు, కరాటే, పోయినేడు పదో తరగతిలో మార్కులొచ్చిన పిల్లల ఫొటోలు. వ్యాను మీ ఊరికి పొద్దున ఎన్నింటికి వస్తుందో, సాయంత్రం పిల్లను ఎన్నింటికి దింపుతుందో మాత్రం ఉండదు. నన్నడిగితే మొదట అడగాల్సింది అదే. హాస్టల్లో వేస్తే సంగతి వేరు. పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే బడి అయితే సగం పెంపకం ఇంట్లోనే జరగాలి. దానికి పిల్ల దగ్గర కాస్త టైమూ కాస్త ఓపికా మిగలాలి.

రోలుగుంట నుంచి నర్సీపట్నం పెద్ద దూరమేం కాదు. కానీ బడి వ్యాను ఆర్టీసీ బస్సులా తిన్నగా పోదు. ఒక ఊళ్లో నలుగురు, పక్క ఊళ్లో ఆరుగురు, మధ్యలో తోటలో ఇల్లున్న ఒకడు, వాడి చెప్పు దొరక్క ఐదు నిమిషాలు. అందరికన్నా ముందు ఎక్కిన పిల్లే చాలాసార్లు అందరికన్నా చివర దిగుతుంది. ఏడుంబావుకి ఎక్కిన ఐదేళ్ల పిల్ల బడి చేరేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. నాలుగున్నరకు వదిలితే ఇంటికొచ్చేసరికి ఆరు. దాదాపు పదకొండు గంటలు ఇంటి బయటే. కూలికెళ్లిన పెద్దవాళ్లు కూడా అంతకన్నా ముందే ఇంటికొస్తారు. ఆ పైన ఊళ్లో ట్యూషను. ఎనిమిదింటికి అన్నం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకునే కునుకుతుంది.

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని డాక్టర్లు చెబుతారు. ఆరింటికి లేపాల్సిన పిల్ల ఎనిమిదింటికల్లా పడుకోవాలన్నమాట. బడి గంటలు, వ్యాను గంటలు, నిద్ర గంటలు ఒక కాగితం మీద రాసి కూడండి. ఆడుకోవడానికి, అమ్మమ్మతో నాలుగు మాటలు చెప్పడానికి ఎంత మిగిలిందో చూసుకున్నాకే బడి పేరు గురించి ఆలోచించండి. పది కిలోమీటర్ల అవతలున్న పేరున్న బడికన్నా, రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న మామూలు బడి ఒకటో తరగతి పిల్లకు మేలని నేను తడుముకోకుండా చెబుతాను. ఎనిమిదో తరగతికి వచ్చాక దూరం పంపొచ్చు. అప్పటికి కాళ్లు గట్టిపడతాయి.

చేర్చే ముందు ఒక పొద్దున బండేసుకుని ఆ వ్యాను వెనకాలే బడి దాకా వెళ్లి రండి. ఎంతమందిని ఎక్కిస్తున్నారో, ఆయా ఉందో లేదో, డ్రైవరు ఫోను మాట్లాడుతూ నడుపుతున్నాడో కళ్లారా తెలుస్తుంది. విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. బడి తెరిచేలోగా రవాణా శాఖ దగ్గర మళ్లీ తనిఖీ చేయించుకోవాలి. ఆ కాగితం చూపించమని అడిగే హక్కు మీకుంది. అత్యవసర ద్వారం, మంటలార్పే సిలిండరు, మందుల పెట్టె కూడా ఉండాలి. ఇక ఆటో మాట. డ్రైవరుకు అటొకర్ని ఇటొకర్ని కూర్చోబెట్టుకుని, సంచులు బయట వేలాడదీసి వెళ్లే ఆటో నెలకు మూడొందలు తక్కువైనా వద్దు.

బడికి వెళ్లినప్పుడు ప్రిన్సిపాలు గదిలోనే కూర్చుని తిరిగి రావద్దు. ఆ గది అన్ని బళ్లలోనూ బాగానే ఉంటుంది. గుర్తింపు పత్రం ఏ తరగతి దాకా ఉందో అడగండి. విద్యాహక్కు చట్టం ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, అయినా ఆపకపోతే రోజుకు పది వేల దాకా పడుతుంది. ఐదో తరగతి దాకానే గుర్తింపు ఉండి ఏడు దాకా నడిపే బడిలో చేరితే రేపు టీసీ దగ్గర ఇబ్బంది పడేది మీరే. ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ నంబరుంటుంది. దాన్ని రాసుకోండి.

ఆ తరవాత ఈ ఒక్కటి అడగండి: "పోయినేడు ఒకటో తరగతికి చెప్పిన టీచరుగారు ఈ ఏడూ ఉన్నారా?" దీనికొచ్చే జవాబును బట్టి బడి సంగతి సగం తెలిసిపోతుంది. ఏటా టీచర్లు మారే బడిలో పిల్లకు అక్షరం రాలేదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ప్రైవేటు బళ్ల మీద 1994లో వచ్చిన జీవో నంబర్ 1 ప్రకారం వసూలైన ఫీజులో సగం టీచర్ల జీతాలకే పోవాలి. అది ఎన్ని చోట్ల అమలవుతోందో మీ ఊళ్లోనే ప్రైవేటు బడిలో పని చేసే అమ్మాయిని అడిగితే చెబుతుంది. గోడలకు రంగులేసి, జీతాలివ్వకుండా నెలలు గడిపే బడిలో పిల్లకు ఓపిగ్గా చెప్పేవాళ్లు ఎంతకాలం నిలుస్తారు?

పోటీ లేకుండా, ర్యాంకుల గోల లేకుండా బడి నడవదనుకుంటారు చాలామంది. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల ప్రభావంతో శాంతా రామేశ్వరరావుగారు 1961లో హైదరాబాదులో పెట్టిన విద్యారణ్య బడి ఇన్నేళ్లుగా నడుస్తూనే ఉంది. అంతకు చాలా ముందే, స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఊరూరూ తిరిగిన చలం 'బిడ్డల శిక్షణ' రాసి, పిల్లల్ని భయపెట్టి చదివించడం తప్పని పెద్దల మొహం మీదే చెప్పాడు. మన దగ్గర అలాంటి బడి లేకపోవచ్చు. పిల్లను భయపెట్టని టీచరు మాత్రం ప్రతి మండలంలోనూ ఉంటారు, ఆ టీచరు ఉన్న బడిని వెతుక్కోవాలి. బెత్తం కనిపిస్తే వెనక్కి తిరగండి. కొట్టడమూ, మాటలతో వేధించడమూ రెండూ చట్టం నిషేధించిన పనులే. మీరే "కొట్టండి మేడం, మాకేం అభ్యంతరం లేదు" అని చెప్పి వస్తే ఆ చట్టం పిల్లకు అక్కరకు రాదు. ఈ మాట అనే నాన్నల్ని మన వైపు చాలామందినే చూశాను.

బడులు వెతికేటప్పుడు ఊళ్లో సర్కారు బడిని లెక్కలోంచి తీసేయకండి. పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ఇస్తున్నారు. తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లీషులో చదువుకోవడానికి చిన్నపిల్లలకు ఇంతకన్నా తేలిక దారి ప్రైవేటు పుస్తకాల్లో నాకు కనబడలేదు. మధ్యాహ్నం వేడి అన్నం బడిలోనే పెడతారు. 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల్ని బడికి పిలిచి పెద్ద ఎత్తున సమావేశాలు పెట్టారు. అయితే ఐదు తరగతులకూ కలిపి ఒక్క టీచరే ఉన్న బడి అయితే ఆలోచించాల్సిందే, అది కాదనను. అలాగని తరగతులు కలిసి కూర్చున్నంత మాత్రాన చదువు రాదనుకోనక్కరలేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో పద్మనాభరావు, రమ దంపతులు కార్డులతో ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకునే పద్ధతి పెట్టి, వేరువేరు వయసుల పిల్లలకు ఒకే గదిలో చదువు చెప్పించారు. ఆ పద్ధతిని తరవాత ఇతర రాష్ట్రాలూ తీసుకున్నాయి. పనిచేసే టీచరు ఉన్నారా అన్నదే ఇక్కడా ప్రశ్న.

చేతిలో డబ్బు లేదు, అయినా ప్రైవేటు బడే కావాలనుకునే వాళ్లకు ఒక దారి ఉంది. దాని గురించి కరపత్రాల వాళ్లు చెప్పరు. 2009 విద్యాహక్కు చట్టంలో 12వ సెక్షన్ ప్రకారం గుర్తింపున్న ప్రైవేటు బళ్లు మొదటి తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఇది చెల్లుతుందని తీర్పు చెప్పింది. మైనారిటీ సంస్థలకు మాత్రం ఇది వర్తించదు. మన రాష్ట్రంలో 2022-23 నుంచి అమలు మొదలైంది. అనాథలు, హెచ్‌ఐవీ బాధితుల పిల్లలు, దివ్యాంగులకు కలిపి 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, బీసీ, మైనారిటీ, ఓసీ పేదలకు 6. ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి లక్షా 20 వేలు, పట్టణాల్లో లక్షా 44 వేలు. రాష్ట్ర సిలబస్ బడిలో చేరాలంటే జూన్ 1 నాటికి ఐదేళ్లు నిండాలి. దరఖాస్తు ఆన్‌లైన్లోనే, సీటు లాటరీలోనే. ఇంటికి కిలోమీటరు లోపు బడికి మొదటి వరస, ఆ తరవాత మూడు కిలోమీటర్ల దాకా. కాబట్టి రోలుగుంటలో ఉండి నర్సీపట్నం బడికి ఆశ పెట్టుకోవద్దు. మీ దగ్గర్లో ఏ బడి ఉందో దానికే పెట్టండి. ప్రకటన ఏటా ఒకే తేదీకి రాదు, గడువు కూడా ఎక్కువివ్వరు. ఫిబ్రవరి నుంచే గ్రామ సచివాలయంలో వారం వారం అడుగుతూ ఉండండి. ఆధార్, రేషన్ కార్డు, పుట్టిన తేదీ పత్రం, కుల, ఆదాయ పత్రాలు ముందే సిద్ధం చేసుకున్నవాళ్లకే ఈ సీట్లు దక్కుతున్నాయి.

పత్రాల మాట వచ్చింది కనుక ఇంకొంచెం చెప్పాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే. ఆ పిల్లలు ఇప్పుడిప్పుడే నర్సరీ వయసుకొస్తున్నారు. ఆసుపత్రిలో పుట్టినప్పుడు "బేబీ ఆఫ్ ఫలానా" అని రాసి వదిలేసిన పత్రంలో పేరు ఎక్కించారా? ఎక్కించకపోతే ఈ వారమే సచివాలయానికి వెళ్లండి. అర్ల వైపు కొండ మీది ఊళ్లలో ఇంట్లోనే కాన్పు జరిగి ఏ కాగితమూ లేని పిల్లలుంటారు. వయసు రుజువు లేదని ఏ బడీ పిల్లను వెనక్కి పంపకూడదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. ముందు చేర్చండి, కాగితం తరవాత తెచ్చుకోవచ్చు. ఆ ఇళ్లవాళ్లకు ఈ సంగతి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పాలి.

అడ్మిషన్ రిజిస్టర్లో పేరు రాసేటప్పుడు పక్కన నిలబడి చూడండి. ఇంటిపేరు స్పెల్లింగు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఎలా ఉన్నాయో అచ్చంగా అలాగే రాయించండి. ఆరోజు క్లర్కు హడావిడిలో వేసిన ఒక అక్షరం పదకొండేళ్ల తరవాత పదో తరగతి మెమోలోకి వస్తుంది. దాన్ని దిద్దించుకోవడానికి తిరిగే తిరుగుడు పడ్డవాళ్లకే తెలుసు. బడిలో తొందరగా వెయ్యడానికి వయసు ఒక ఏడు పెంచి రాయించే పెద్దలింకా ఉన్నారు. వద్దు.

చేర్చేటప్పుడు పిల్లకు పరీక్ష పెట్టడం, మీకు ఇంటర్వ్యూ చేయడం, డొనేషన్ అడగడం ఇవేవీ చెల్లవు. పరీక్ష పెడితే మొదటిసారి 25 వేల దాకా, ఆ తరవాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. డొనేషన్ తీసుకుంటే దానికి పది రెట్ల దాకా. అయినా అడుగుతారు. రసీదు ఇవ్వమనండి చాలు, చాలామంది మాట మారుస్తారు.

ఫీజు మీద ప్రభుత్వం 2021 ఆగస్టులో ఒక హద్దు పెట్టింది. పంచాయతీల్లో ఐదో తరగతి దాకా ఏడాదికి 10 వేలు, హైస్కూలుకు 12 వేలు. ఆ జీవోను అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు కొట్టేసింది. కాబట్టి ఆ అంకెలు చూపించి బేరమాడి లాభం లేదు. ట్యూషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, వ్యాను, పరీక్ష ఫీజు, ఏడాది చివర వార్షికోత్సవానికి డ్రెస్సు, అన్నీ కలిపి ఏడాదికి ఎంతో ఒక కాగితం మీద రాయించుకోండి. మన రైతుల ఇబ్బంది ఇంకొకటుంది. జీడిపిక్కల డబ్బు వేసవిలో వస్తుంది, చెరకు డబ్బు సంక్రాంతి దాటాక ఎప్పుడో వస్తుంది, సరుగుడు కోత కోసిన ఏడే డబ్బు. బడివాళ్లు మాత్రం జూన్, సెప్టెంబరు, డిసెంబరు అని మూడు టర్ములు చెబుతారు. మీ పంట ఏ నెలలో చేతికొస్తుందో చేరేటప్పుడే చెప్పి గడువు మాట్లాడుకోండి. చిన్న ఊళ్ల బళ్లు దీనికి ఒప్పుకుంటాయి. మాట్లాడుకోకపోతే నవంబరులో మీ పిల్లను క్లాసులో లేపి నిలబెట్టి "ఫీజు కట్టలేదు" అంటారు, ఆ అవమానం పిల్లకు. 'తల్లికి వందనం' కింద 2025 జూన్‌లో ఒకటి నుంచి ఇంటరు దాకా పిల్లకు 13 వేల చొప్పున తల్లి ఖాతాలో పడ్డాయి. అది నర్సరీకీ ఎల్‌కేజీకీ రాదు. హాజరు 75 శాతం ఉండాలి. వస్తే మంచిదే, దాన్నే నమ్ముకుని అప్పు చేసి పెద్ద బడిలో చేర్చవద్దు.

ఆడా మగా కలిసి చదివే బడి గురించి అమ్మలు గొంతు తగ్గించి అడుగుతారు. ఐదో తరగతి దాకా ఎవరికీ అనుమానం రాదు, ఏడు దాటాక మొదలవుతుంది. కలిసి చదివిన పిల్లలకు అవతలివాళ్లు వింత జీవుల్లా కనబడరు, అదే మేలు. ఆ బడి దాన్ని ఎలా నడుపుతోందో చూసుకోండి. అల్లరి చేసిన మగపిల్లాణ్ని శిక్షగా ఆడపిల్లల బెంచీలో కూర్చోబెట్టే బడులు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ ఇద్దరికీ నేర్పేది ఏమిటో వేరే చెప్పాలా? ఆటల పీరియడులో ఆడపిల్లలు చెట్టు కింద కూర్చుంటున్నారా, గ్రౌండులో ఉన్నారా చూడండి. మరుగుదొడ్లు ఆదివారం కాదు, పనిరోజు ఇంటర్వెల్ అయ్యాక వెళ్లి చూడండి. గడియ ఉందా, నీళ్లు వస్తున్నాయా? ఇంట్లోనూ ఒక గుర్తు దొరుకుతుంది. సాయంత్రం పిల్ల సంచిలోంచి నీళ్ల సీసా తీసి చూడండి. పొద్దున పోసిన నీళ్లు పోసినట్టే తిరిగొస్తున్నాయంటే, మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని పిల్ల రోజంతా దాహం ఆపుకుంటోందన్నమాట. ఆ ఒక్క కారణంతోనే బడి మార్చినా తప్పులేదు.

ఇంకో సంగతి చెబితే కొందరికి కోపం రావచ్చు. "మా గుంటడ్ని కాన్వెంటులో ఏశాం, గుంట ఊళ్లో బడికే ఎల్తాది" అనే ఇళ్లు మన వైపు తక్కువేం కాదు. ఊళ్లో బడి మంచిదే అయితే ఇద్దరూ అక్కడే చదవొచ్చు. మంచిది కాకపోతే ఆడపిల్లకు మాత్రం ఎందుకు? ఇద్దరికీ పెద్ద బడి ఫీజు కట్టలేకపోతే, ఇద్దరికీ కట్టగలిగిన బడిని చూడండి. పొద్దున తమ్ముడికి టై కట్టి, వ్యాను ఎక్కించి, తను నడుచుకుంటూ వెళ్లే అక్కకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు, అంతా తెలిసిపోతుంది.

బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. మొదటి వారం ఏడుపులుంటాయి, కంగారు పడకండి. ఏడ్చే పిల్లను వ్యాను మెట్ల మీద వదిలి దాక్కోవడం మాత్రం చేయకండి, "సాయంత్రం నేనే దింపించుకుంటాను" అని చెప్పి, చెప్పినట్టు నిలబడి ఉండండి. ఇంటికి రాగానే "ఏం చెప్పారు, ఎన్ని మార్కులు" అని మొదలుపెట్టకుండా, "ఎవరి పక్కన కూర్చున్నావు, అన్నం తిన్నావా" అని అడగండి. వరసగా రెండు మూడు వారాలు పొద్దున్నే కడుపునొప్పి అంటుంటే, ఎవరో ఒకరి పేరు వినగానే మొహం మారుతుంటే, తిట్టకుండా కారణం కనుక్కోండి. పెద్దవాళ్లెవరి వల్లనైనా ఇబ్బంది అనిపిస్తే 1098కి ఫోను చేయొచ్చు, ఖర్చేం లేదు.

దసరా సెలవుల దాకా చూడండి. అప్పటికీ పిల్ల ఆ బడిలో కుదురుకోకపోతే, కట్టిన డబ్బు పోతుందని మార్చి దాకా లాగకండి. సెలవుల్లోనే టీసీ, స్టడీ సర్టిఫికెట్ తీసుకుని, అన్ని రసీదులూ జిరాక్సు చేయించి దగ్గర పెట్టుకోండి. కొత్త బడికి వెళ్లినప్పుడు మళ్లీ వ్యాను టైము దగ్గర్నుంచే మొదలుపెట్టండి.